పెద్దక్క పెట్టని సంతకం

కిందటి వారం పిల్లల వార్డు నర్సు పెద్దక్కను హెడ్ సిస్టర్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపల బల్లకు అటువైపు హెడ్ సిస్టర్, ఇటువైపు కుర్చీలో దొరగారి తల్లి. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒకే ఒక్క కాగితం. అదేమిటో గుమ్మంలోంచే పోల్చుకుంది పెద్దక్క. పోల్చుకోదూ మరి! నెల రోజులుగా దాని మీద రాస్తున్నది తనే.

దొరగారంటే కోటలో ఉండే దొర కాదు. పది నెలల పిల్లాడు. నెలలు నిండకుండా పుట్టాడు. గాలి వెళ్లే దారి మరీ సన్నంగా ఉందని డాక్టర్లు మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరంతా ఆ గొట్టంలోంచే. పుట్టిన దగ్గర్నుంచీ పిల్లల వార్డులోనే మకాం. చూపుడువేలెత్తి ఊరికే అలా గాల్లో ఆడించి నర్సులందర్నీ మంచం చుట్టూ తిప్పుకుంటాడు కాబట్టి వార్డు మొత్తం కలిసి ఆ బిరుదు ఇచ్చింది.

అలాంటి బిడ్డను ఇంటికి పంపాలంటే తల్లి ముందు నర్సు పని నేర్చుకోవాలి. నేర్పిన నర్సు ఒక్కో పనికీ సంతకం పెట్టాలి. అన్నిటికీ సంతకాలు పడ్డాక వార్డు చివర ఉన్న అద్దాల గదిలో తల్లినీ బిడ్డనూ ఒక పగలూ ఒక రాత్రీ ఉంచుతారు. అన్నీ తల్లే చూసుకోవాలి. నర్సు గడప దాటి లోపలికి అడుగు పెట్టిందంటే పరీక్ష పోయినట్టే. ఉన్నది ఆ ఒక్క గది, అదీ వారానికి ఒక్కరికే ఇస్తారు, వరసలో ఇంకో నలుగురు తల్లులు. మళ్లీ వంతు రావాలంటే నెల పడుతుంది.

పోయిన నెల దొరగారి తల్లి ఆ గదిలోకి వెళ్లింది. మూడో గంటలోనే గొట్టంలో కళ్లె అడ్డుపడింది. పెద్దక్క పరుగెత్తుకెళ్లి లాగేసింది. పిల్లాడు బాగానే ఉన్నాడు, పరీక్ష మాత్రం పోయింది. అలా పోతే కళ్లె లాగే పని మొదటినుంచీ నేర్పి మళ్లీ సంతకం పెట్టాలని రూలు. ఆ సంతకమే ఇంతవరకూ పడలేదు. తెల్లారితే వాళ్ల వంతు.

"రా అక్కా, కూర్చో" అంది హెడ్ సిస్టర్.

పెద్దక్క కూర్చోలేదు. "మూడో నంబరు పాపకి పాలు పట్టాలి. చెప్పండి మేడమ్" అంది.

ఈ మేడమ్ గారికి ఉద్యోగంలో చేరిన కొత్తలో దూది చుట్టడం దగ్గర్నుంచీ నేర్పింది పెద్దక్కే. పదిమందిలో మేడమ్, ఇద్దరే ఉంటే ఏమే, ఒసే. హెడ్ సిస్టర్ మాత్రం ఎవరున్నా అక్కా అనే పిలుస్తుంది.

"కళ్లె లాగడం ఒక తల్లి ఎన్నిసార్లు సరిగ్గా చేస్తే సంతకం పెడతావు నువ్వు?"

"మూడుసార్లు."

"ఈ అమ్మాయి చేత తొమ్మిదిసార్లు చేయించావు." హెడ్ సిస్టర్ కాగితం చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టింది. "చెయ్యి వణికింది. తొందరపడింది. చెయ్యి వణికింది. ఇంకోసారి చూడాలి. చెయ్యి వణికింది... ఇదేమిటక్కా, దండకమా?"

 ఇంతసేపూ తల వంచుకుని కూర్చున్న తల్లి అప్పుడు తలెత్తింది. సన్నటి మనిషి. ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఈ పది నెలల్లో మాత్రం వయసు రెండింతలైనట్టు కనిపిస్తుంది.

"అక్కా, నేను బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని" అంది. "ఆరేళ్లు చేశాను. చెయ్యి వణికేవాళ్లని కాలర్ల మీద కూర్చోబెట్టరు. మూటలు కట్టడానికి పంపేస్తారు. నా చెయ్యి ఎప్పుడు వణికిందో చెప్పండి, ఏ రోజు? నేను తెలుసుకోవాలి కదా."

"వణికిందమ్మాయ్. నీకు తెలియలేదంతే."

"వణికితే వాడి గొంతులో గీరుకోవాలి. ఒక్క చుక్క రక్తమైనా కనబడిందా?"

"లేదు."

"లాగే సన్న గొట్టం గుర్తు దాటి లోపలికి పోనిచ్చానా?"

"లేదు."

"మరి?"

  తల్లికి కోపం వచ్చినట్టుంది కానీ కోప్పడేంత ఓపిక లేదు.

"మా పెద్దదానికి మూడేళ్లు. మా పిన్ని దగ్గర వదిలేసి వస్తున్నాను. తమ్ముడంటే ఫోన్లో ఉంటాడనుకుంటోంది. మొన్న ఫోన్లో చార్జింగ్ అయిపోతే తమ్ముడు బజ్జున్నాడా అని అడిగింది. నేను చేసేది తప్పయితే తప్పని చెప్పండక్కా, మీ కాళ్లు పట్టుకుని నేర్చుకుంటాను. తప్పు కాకపోతే మాత్రం మమ్మల్ని ఇంటికి పోనివ్వండి."

హెడ్ సిస్టర్ ఆమెను బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక పెద్దక్క వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. వణికిందా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"లేదే. ఈ వార్డులో నీకంటే శుభ్రంగా లాగుతుంది, చాలా?"

"మరి ఎందుకిలా చేశావు?"

పెద్దక్క అప్పుడు కూర్చుంది.  "వాడు వెళ్లిపోతే నేనేం చెయ్యనే?" అంది. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఈ గదిలో పెద్దక్క ఏడవడం ఎవరూ చూడలేదు. హెడ్ సిస్టర్‌కి ఏం చెయ్యాలో తోచక నీళ్ల గ్లాసు ఇటు జరిపింది, మళ్లీ అటు జరిపింది.

"డ్యూటీ అయ్యాక చేతులు కడుక్కుని వెనక్కి చూడకుండా ఇంటికి పొమ్మని నాకు చెప్పిందెవరు? నువ్వు కాదూ?"

"నేనే. నీకు ఇంట్లో మనుషులున్నారు కాబట్టి చెప్పాను."

హెడ్ సిస్టర్ పెన్ను మూత తీసి ముందు పెట్టింది. పెద్దక్క కళ్లు తుడుచుకుని, ముక్కు చీది, సంతకం పెట్టింది. ఏళ్ల తరబడి పెడుతున్న సంతకమే, ఆ రోజు చివర తోక కాస్త వంకర పోయింది.

"ఇంకేమైనా ఉందా అక్కా నాకు చెప్పాల్సింది? ఉంటే ఇప్పుడే చెప్పెయ్."

"ఏం లేదు" అంది పెద్దక్క.

అబద్ధం. ఉంది. మామూలు సంగతి కాదు కాబట్టి మనం కాస్త ఆగి చెప్పుకోవాలి.

మెడలో గొట్టం ఉన్న పిల్లలు ఏడిస్తే చప్పుడు రాదు. గాలి గొంతు దాకా వెళ్లదు కదా, కిందే గొట్టంలోంచి బయటికి పోతుంది. నోరు తెరుచుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, కన్నీళ్లు కారతాయి, అంతే. పక్క మంచం దగ్గర ఉన్నవాళ్లకి కూడా తెలియదు. అందుకే ఆ పిల్లల్ని చూసే నర్సులు చెవుల్ని నమ్ముకోరు. చూస్తూనే ఉంటారు. వాంతి పట్టే గిన్నె చేత్తో పట్టుకుని కూడా మంచాల వైపే మొహం పెట్టి నడుస్తారు. కొత్తవాళ్లు ఎదురుగా వచ్చి గుద్దుకోవడం ఆ వార్డులో రోజూ ఉండే తమాషా.

అలా చూసీ చూసీ రెండో నెలలో పెద్దక్క ఒకటి కనిపెట్టింది. దొరగారి గొట్టంలో కళ్లె గట్టిపడటం మొదలవగానే ఎడమకాలి వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కుడికాలివి కాదు, ఎడమకాలివే. ఆక్సిజన్ అంకె చూపే మిషన్ మోగడానికి రెండు మూడు నిమిషాల ముందే. అప్పుడు లాగేస్తే పిల్లాడికి కష్టమే ఉండదు. మోగేదాకా ఆగితే పెదాలు నల్లబడతాయి, లాగేలోగా నానా యాతనా పడతాడు. ఎందుకలా ముడుస్తాడో డాక్టరుకీ తెలియదు, ఎందుకంటే డాక్టరుకి పెద్దక్క చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మేజోళ్లు తొడిగితే మాత్రం ఊరుకునేది కాదు, చెమట పడుతుందని తీసేసేది. తల్లి పాపం స్వయంగా మెత్తటి గుడ్డతో నాలుగు జతలు కుట్టుకొస్తే నాలుగూ సంచీలోకే పోయాయి.

మొదట్లో చెప్పే సందర్భం రాలేదనుకుంది. తర్వాత చెబుదామనుకుంది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, ఆ సంగతి తన ఒక్కదానికే తెలియడం బాగుంది. తనది ఒంటిగది ఇల్లు. ఒక కంచం, ఒక గ్లాసు, పక్కింటివాళ్ల టీవీలో ఎవరో ఎవరినో తిడుతూంటే వినడం. నెలకోసారి తమ్ముడు ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండానే జాగ్రత్త అని పెట్టేస్తాడు. ఒక సెలవురోజు సాయంత్రం వీధి గుమ్మంలో పాలు పోసేవాడు "ఏమ్మా, జలుబా?" అన్నాడు. ఉదయం నుంచి ఎవరితోనూ ఒక్క మాటా ఆడకపోవడంతో గొంతు బొంగురుపోయిందని అప్పుడు తెలిసింది. ఆ మర్నాటి నుంచి సెలవు పెట్టడం మానేసింది. వార్డులోకి రాగానే ఆ బుల్లి వేలు గాల్లో ఆడేది. ఎవరికోసం ఆడినా తనకోసమే అనుకునేది. అలాంటి మనిషికి, ఈ లోకంలో తను మాత్రమే చదవగలిగే చిన్న కాలు ఒకటి ఉంది. దాన్ని చేతులారా ఇంకొకరికి ఎలా ఇచ్చేస్తుంది? తప్పే. తప్పు కాదని నేనూ అనను.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకి తల్లీ బిడ్డా అద్దాల గదిలోకి వెళ్లారు. దొరగారి మంచం దుప్పటి తీసేసి, రెక్సిన్ పరుపు మందు నీళ్లతో తుడిచింది పెద్దక్కే. వేరేవాళ్లు చేస్తామన్నా ఒప్పుకోలేదు. తుడిచిందే తుడిచింది. తర్వాత మూడో నంబరు పాపకి ముక్కు గొట్టంలోంచి పాలు పోసింది, ఏడో నంబరు పిల్లాడి వీపు కింద మెత్తలు మార్చింది. చేతులు ఎరిగిన పనే కాబట్టి జరిగిపోయింది. కళ్లు మాత్రం పది నిమిషాలకోసారి ఖాళీ మంచం మీదకి పోయేవి. అక్కడ ఏముంది చూడ్డానికి?

మూడో గంట గడిచింది. తల్లి లోపలి నుంచి గోడగడియారం చూసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకోవడం పెద్దక్క అద్దంలోంచి చూసింది. అప్పటికి తల్లి రెండుసార్లు కళ్లె లాగింది. రెండూ ముత్యాల్లాంటి పని.

నాలుగు గంటలకి పెద్దక్క సీసాల ట్రే పట్టుకుని ఆ గది ముందునుంచి వెళుతోంది. వెళ్లాల్సిన దారి అది కాదు, చుట్టుదారి. లోపల తల్లి సింకు దగ్గర ఇటు వీపు పెట్టి పిల్లాడి గుడ్డలు పిండుతోంది. దొరగారు మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పెద్దక్క ఎప్పుడూ చెబుతుందని కాళ్లకు ఏమీ తొడగలేదు.

ఎడమకాలి వేళ్లు ముడుచుకున్నాయి.

మిషన్ మీద ఆకుపచ్చ అంకె తొంభై ఆరు. చల్లగా వెలుగుతోంది. ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు.

పెద్దక్క ట్రే కిటికీ గట్టు మీద పెట్టి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఒక్క అడుగు వేస్తే చాలు. పిల్లాడి ప్రాణం కోసం వెళ్లానంటే వద్దనే మొనగాడెవడు? రెండు క్షణాల్లో కళ్లె బయట ఉంటుంది. పరీక్ష పోతుంది. దొరగారు ఇంకో నెల ఇక్కడే ఉంటాడు, పొద్దున తుడిచిన పరుపు మీదే.

అప్పుడు తట్టింది ఆమెకి. పోయిన నెల చేసింది కూడా ఇదే. సరిగ్గా ఇదే! ఆ రోజు మిషన్ మోగకముందే తను లోపల ఉంది. కంగారులో ఆగలేకపోయానని అందరికీ చెప్పింది, తనకి తనే చెప్పుకుంది. కంగారా? పందొమ్మిదేళ్ల నర్సుకి కళ్లె అడ్డం పడితే కంగారా? ఛీ, అనుకుంది. 

తలుపు తీసింది. గడప దాటలేదు. రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని ఆపుకుంది.

"అమ్మాయ్! వాడి కాలు చూడు! ఎడమకాలు!"

తల్లి ఉలిక్కిపడి తిరిగింది.

"వేళ్లు ముడుచుకున్నాయా? అంటే కళ్లె గట్టిపడుతోందన్నమాట. ఇప్పుడే లాగు, మోగేదాకా ఆగకు!"

తల్లి చేతులు తుడుచుకుంది, గ్లవ్స్ తొడిగింది, కళ్లె లాగే మిషన్ నొక్కింది. దాని సన్న గొట్టం మెడ గొట్టంలోకి గుర్తు వరకే దించింది. బొటనవేలితో ఆ సన్న గొట్టం పక్కనున్న రంధ్రం మూసి, తిప్పుతూ పైకి లాగింది. అంకె తొంభై రెండుకి దిగింది. దొరగారు నోరంతా తెరిచి, చప్పుడు లేకుండా, గుండెలవిసేలా ఏడుస్తున్నాడు. రెండోసారికి జిగురుముద్దలాంటి కళ్లె వచ్చేసింది. అంకె తొంభై నాలుగయింది, తొంభై ఏడయింది. తల్లి పిల్లాణ్ణి ఎత్తి భుజాన వేసుకుని వీపు రాసింది. అయిపోయింది. మిషన్ ఒక్కసారి కూడా మోగలేదు.

పెద్దక్క బాగా చేశావమ్మాయ్ అందామనుకుంది.

"కాలివేళ్ల సంగతి మీకెలా తెలుసు?" అని అడిగింది తల్లి.

"చూస్తూ ఉంటాను కదా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఇంకో అబద్ధం ఆడొచ్చు. ఇవాళే గమనించానంటే సరిపోతుంది. కానీ ఆ పిల్లాడు తల్లి భుజం మీంచి తన వంకే చూస్తున్నాడు.

"రెండో నెల నుంచి."

తల్లి లెక్క వేసుకుంటున్నట్టు ఆగింది. వీపు రాస్తున్న చెయ్యి ఆగలేదు. "పోయిన నెల ఈ గదిలో నేను ఫోన్లో పెద్దదానితో మాట్లాడుతున్నాను. వెనక్కి తిరిగేసరికి మీరు లోపలున్నారు. నేను చూసుకోలేదని, నావల్లే పోయిందని, నెల రోజులు... మా ఆయన ఒక్క మాట అన్లేదు కానీ అన్నం తినడం మానేశాడు. మా పిన్ని అనాల్సినవన్నీ అంది. నేనూ నిజమే అనుకున్నాను. నేను తల్లిగా పనికిరాననుకున్నానక్కా. ఆ రోజు కూడా కాలు చూసే వచ్చారా?"

"చూసే వచ్చాను."

"నాకు చెప్పొచ్చుగా. ఇప్పుడు చెప్పినట్టే, అక్కడే నిలబడి."

"చెప్పొచ్చు" అంది పెద్దక్క. "చెప్పలేదు. వాడు వెళ్లిపోతాడని చెప్పలేదు. నాకు ఇంకెవరూ లేరమ్మాయ్. అది నీ తప్పు కాదు. నీమీద రుద్దాను."

తల్లి అరుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండును కూడా. ఆమె గడియారం వైపు చూసింది. ఇంకా పదహారు గంటలుంది. పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని గడప దాకా నడిచి వచ్చింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

"లోపలికి రండి."

"వద్దు. నేను వస్తే నీ పరీక్ష పోతుంది."

"తెలుసు. పోనివ్వండి. వాడి గురించి మీకు తెలిసి నాకు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో? అవన్నీ తెలుసుకోకుండా నేనెలా తీసుకెళ్లను? రాత్రిపూట ఇంట్లో వాడికేమైనా అయితే అక్కడ అద్దం అవతల మీరుండరు కదా. ఇంకో నెల కాదు, రెండు నెలలైనా ఇక్కడే ఉంటాం. వచ్చి అన్నీ చెప్పండి."

"ఇంకేం లేదమ్మాయ్. ఒట్టు. ఆ ఒక్కటే."

నిన్న హెడ్ సిస్టర్‌తోనూ ఇదే మాట అంది. అప్పుడది అబద్ధం, ఇప్పుడిది నిజం. నిజమని ఎలా నమ్మించడం? ఏ నోటితో?

"నువ్వు అన్నీ నేర్చుకున్నావు. నన్ను నమ్ము. ఈ ఒక్కరాత్రి గడిస్తే నీ బిడ్డని నీ ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు. దయచేసి వెళ్లిపో."

నెల రోజులుగా పిల్లాణ్ణి వెళ్లనివ్వకుండా అడ్డం పడిన మనిషి, వెళ్లిపొమ్మని బతిమాలుతోంది. వరండా చివర హెడ్ సిస్టర్ చెప్పుల చప్పుడు వినిపించింది. గబగబా ఇటే వస్తోంది. పెద్దక్క చట్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. దొరగారు తల్లి భుజం మీంచి తల తిప్పి, చెయ్యి చాపి పెద్దక్క కాలరు అందుకోబోయాడు.

తల్లి తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగింది.

"ఒక్క అడుగే కదక్కా, రండి" అంది. "పోయిన నెల పిలవకుండానే వచ్చారుగా."